రెండు సంచుల మన్ను

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని మిత్రులు అడిగినప్పుడు, కథలూ కవితలూ నాకు చేతకావని తప్పించుకోబోయాను. "పోనీ, చదివేదాన్ని గురించే వ్రాయవోయ్!" అన్నారు. నేను చదివేది వ్యవసాయ బి.యస్సీ. అందులో సహజ వనరుల నిర్వహణ ఒక భాగం. నేలనూ, నీటినీ, చెట్టుచేమనూ తరిగిపోకుండా వాడుకోవడం ఎట్లాగో చెప్పే శాస్త్రం. ఆ పేరు వినగానే మా బాబాయి నవ్వాడు. "నిర్వహించటానికి మనకేం వనరులున్నాయిరా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు. రెండు సంచుల మన్నులో దొరికింది.

మాది పర్చూరు వైపు పల్లె. నల్లరేగడి నేల. ఎండాకాలం కాలు దిగబడే నెర్రెలు, వానాకాలం చెప్పు ఊడపెరికే బంక. మాకు సొంతం రెండెకరాలు. దాని గట్టు ప్రక్కనే మరో నాలుగెకరాలు నాన్న కౌలుకు చేస్తాడు. రెంటిలోనూ మిరప, ప్రత్తి మార్చి మార్చి వేస్తాం.

ఆ నాలుగెకరాలు ఒకప్పుడు మావే. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. కాయతొలుచు పురుగు కోసమని సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను అదుపు లేకుండా కొట్టడంతో, దోమను తినే మిత్రపురుగులు చచ్చి దోమ పెచ్చుపెరిగింది. అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. మా తాతయ్య మాత్రం నాలుగెకరాలు అమ్మి అప్పు తీర్చి బ్రతికాడు. నేను పరీక్షలో ఐదు మార్కులకు వ్రాసే జవాబుకు మా ఇంట్లో ఖరీదు నాలుగెకరాలు.

పోయిన సంవత్సరం నేల పరీక్ష ప్రాక్టికల్‌కు ఎవరి ఊరి మన్ను వారు తెచ్చుకోమన్నారు. నేను రెండు చేలలోనూ తిరిగాను. అక్కడక్కడ పదిహేను సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు మన్ను చెక్కి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారబోసి, మిగిలింది నీడన ఆరబెట్టి రెండు గుడ్డ సంచుల్లో కట్టాను. ఒకదాని మీద 'సొంతం' అనీ, రెండోదాని మీద 'కౌలు' అనీ వ్రాశాను. అమ్మ చూసి, "నాయనా, నీ చదువుకి మన్ను మొయ్యటం కూడా ఉందా?" అంది.

ప్రయోగశాలలో పొటాషియం డైక్రోమేటు, గంధకామ్లం పోసి టైట్రేషన్ చేశాను. ఊదారంగు విరిగి ఆకుపచ్చకు తిరిగే ఆ ఒక్క చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూశాను. లెక్క కడితే సొంత చేనులో సేంద్రియ కర్బనం 0.61 శాతం. కౌలు చేనులో 0.34. అర శాతం లోపు ఉంటే తక్కువ క్రింద లెక్క. తప్పు చేశానేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే!

"గట్టు ఒకటే, పంట ఒకటే గదా. ఇంత తేడా ఎందుకొచ్చిందోయ్?" అన్నారు మాష్టారు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట అంటూ నేర్చిన జవాబే చెప్పాను. సరేనన్నారు. నాకు మాత్రం సరిపోలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళి కాగితం నాన్న ముందు పెట్టాను. పెద్ద శాస్త్రజ్ఞుడిలా, కౌలు చేనుకు కూడా ఎరువు తోలాలనీ, జీలుగ వేసి కలియదున్నాలనీ ఉపన్యాసం దంచాను. నాన్న అంతా విన్నాడు.

"ఒరే అబ్బాయ్, ఇయ్యన్నీ నాకు తెలవక కాదురా. పెంట ఈ ఏడు తోలితే దాని బలం మూడేళ్ళు ఉంటది. కౌలు ఒక్క ఏడే గదా. పోయినేడు ఎకరాకి నాలుగు వేలు ఎక్కువిస్తానని ఒకడు పోటీకొచ్చాడు. నేను తోలిన పెంట మీద ఎవడి కల్లం నిండుద్దో?"

ఆ ప్రక్కనే మంచం మీదున్న తాతయ్య ఒక్క మాటే అడిగాడు. "మన చేను అంతగా చిక్కిపోయిందంట్రా?" అమ్మి ముప్పై ఏడేళ్ళు దాటినా ఆయనకది ఇంకా 'మన చేనే'.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నకు జ్ఞానం లేదనుకున్నాను. ఆయనకు లేనిది గడువు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలురైతుకు ఒప్పందమూ కార్డూ ఇచ్చింది. అప్పుకూ, బీమాకూ, నష్టపరిహారానికీ అది ఆసరా, కాదనను. కాని ఆ ఒప్పందం గడువు 11 నెలలు. మన ఎండలకు నేలలో సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది. అది పదో వంతు శాతం పెరగాలన్నా ఏళ్ళు పడుతుంది. పదకొండు నెలల మనిషిని నిలబెట్టి, పదేళ్ళ పని చెయ్యమంటున్నాం మనం.

ఆసామి తప్పని కూడా అనలేను. పట్నంలో ఉంటాడు. మూడేళ్ళకు కాగితం వ్రాసిస్తే భూమి చేజారుతుందేమోనని ఆయన భయం. ఫోనులో నేనే మాట్లాడాను. "నేల బాగుపడితే మీ భూమికే విలువండీ" అన్నాను. చాలాసేపటికి, "కాగితాలొద్దు బాబూ, మూడేళ్ళ వరకు మీ నాన్ననే చేసుకోమను" అన్నాడు.

నోటి మాట. గాలికి పోతే పోవచ్చు. అయినా నాన్న తొలకరికి ఒక్క ఎకరంలో జీలుగ చల్లాడు. "నీ మాట మీద ఎకరమే. మిగతాది నీ మూడేళ్ళ మాట నిలబడ్డాక" అన్నాడు. పూత దశకు రాగానే ఆ పచ్చని పైరును దున్నేస్తుంటే తాతయ్య గట్టు మీద కూర్చుని చూశాడట.

ఈ కళాశాలలో చదివి వ్యవసాయాధికారులైన పెద్దలు ఈ సంచిక చదువుతారు. వారికి చిన్నవాడినైన నా మనవి ఒక్కటే. 2015 నుండి రైతుకు భూసార పత్రాలు ఇస్తున్నాం. ఆ పత్రం చేతికిచ్చేటప్పుడు, ఆ చేను దున్నేది ఎవరో, ఇంకా ఎన్నాళ్ళు దున్నుతారో కూడా ఒక్కసారి అడగండి. జింకు ఎంత, భాస్వరం ఎంత అన్నదానికంటే ముందు తెలియవలసింది అదేనని నాకు తోస్తున్నది.

ఇక మా బాబాయికి జవాబు. వనరు ఉంది బాబాయ్, నాన్న చేతిలో మూడేళ్ళ నోటి మాట కూడా ఉంది. వచ్చే వేసవికి ఆ ఎకరం నుండి మూడో సంచి కట్టి తెస్తాను. అంకె పెద్దగా కదలదని నాకు తెలుసు. సంచి మీద ఏమని వ్రాయాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.