జివ్వుమనడం, సలపడం

మన దేశంలో పళ్ల డాక్టరు చదువుకు నీట్ ర్యాంకు చూస్తారు, నువ్వెవరని అడగరు. అమెరికాలో అడుగుతారు. అక్కడి కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో, ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలకు మించకుండా, ఈ వృత్తే ఎందుకో రాయాలి.

అక్కడే పుట్టిన మా అన్న మనవరాలు తాను రాసింది నాకు పంపింది. మార్కులు, బహుమతులు, పరిశోధన అన్నీ ఉన్నాయి. హోసూరులో గడిపిన సెలవులు లేవు. అప్పుడు మా వీధి అవ్వను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఈ పిల్లే. కొత్తగా వచ్చిన ఆయనకు తెలుగు రాదు, అవ్వకు తమిళం అంతంతమాత్రం. "జివ్వుమంటోందా అవ్వా, సలుపుతోందా?" అని అడిగి ఇంగ్లీషులో చెప్పింది. చన్నీళ్లకు జివ్వుమని తగ్గిపోవడం వేరు. రాత్రంతా సలిపితే పుచ్చు లోపలి గుజ్జుదాకా పోయిందేమోనని చూడాలి.

"అవి ఇంట్లో మాటలు కదా తాతా!" అంది.

"మార్కులు దరఖాస్తులో వేరేచోట ఎలాగూ ఉంటాయి. ఇది ఇంకెక్కడా ఉండదు. అవ్వను ఉద్ధరించానని మాత్రం రాయకు, విన్నది, చెప్పింది రాయి" అన్నాను.

తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక, ఇక తెలుగెందుకని మన పిల్లలే అడుగుతున్నారు. నొప్పి చెప్పుకోవడానికి, ఎదుటివాళ్ల నొప్పి తెలుసుకోవడానికి.