తొమ్మిది మార్కులు

మొన్న నా చేతికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చింది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ అయిపోయింది. ఫేర్‌వెల్ రోజు ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కి కాలేజీ తమకేం నేర్పిందో చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు అందరికీ థాంక్స్ అని దిగిపోయాను. ఆ రోజు నోట రానిది ఇక్కడ రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తాడు. పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అమ్మ బీడీలు చేస్తుంది. ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. 2021లో కరోనా వల్ల ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఎంసెట్‌లో ఇంగ్లిష్ ప్రశ్నతో పాటు తెలుగు కూడా ఉండేది. అలా ర్యాంకు తెచ్చుకున్నాను. హైదరాబాద్‌లో జేఎన్టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. ర్యాంకు పదివేలు దాటింది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే. మిగతాది బాపు కట్టాలి.

మొదటి సెమిస్టర్. వారం తిరక్కుండానే నాకు పాఠం అందడం లేదని తెలిసిపోయింది. లెక్కలు రాక కాదు. అవకలనం, సమాకలనం, మాత్రికలు ఇంటర్‌లో బాగానే చేశాను. ఇక్కడ డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, మాట్రిక్స్ అంటుంటే అవీ ఇవీ ఒకటేనని పోల్చుకునేసరికి సార్ బోర్డు తుడిచేసేవారు. "ఎనీ డౌట్స్?" అని అడిగినప్పుడు తల దించుకునేవాణ్ణి. నా ఇంగ్లిష్ విని నవ్వుతారని భయం. ఎవరూ నవ్వలేదు. నేను నోరు తెరిస్తే కదా.

ఫలితాలు వచ్చాయి. మూడు సబ్జెక్టులు పోయాయి. ఎం-వన్ (లెక్కలు), ఫిజిక్స్, ప్రోగ్రామింగ్. ఎక్స్‌టర్నల్‌లో పాస్ కావాలంటే మా బ్యాచ్‌కి 75కి 26 రావాల్సి ఉండేది. ఎం-వన్‌లో నాకు 9 వచ్చాయి. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ మాత్రం పాసయ్యాను. అది గీసే పరీక్ష.

ఆ సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. అన్నీ పాసయ్యానని చెప్పాను. నమ్మకం కోసం ఒక క్లాస్‌మేట్ మార్కుల మెమో స్క్రీన్‌షాట్ తీసుకుని, పేరు కనపడకుండా కత్తిరించి తమ్ముడికి పంపాను. బీడీల సెంటర్లో అందరికీ చెప్పానని మర్నాడు అమ్మ సంబరంగా అంది. ఈ నాలుగేళ్లలో నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్నది అదే. ఫెయిలైనందుకు అంత సిగ్గు లేదు.

రెండో సెమిస్టర్ నుంచి అబద్ధానికి కాపలా కాయడమే పనైంది. సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష) ఫీజుకి ల్యాబ్ రికార్డులని చెప్పి డబ్బు తెప్పించుకున్నాను. సప్లీలో ఫిజిక్స్ పాసయ్యాను. ఎం-వన్‌లో 17 వచ్చాయి. మూడో సెమిస్టర్ మొదలైన కొన్నాళ్లకు కాలేజీకి వెళ్లడం మానేశాను. రూమ్‌లో నలుగురం ఉండేవాళ్లం. అన్నం మేమే వండుకుని, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాళ్లం. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని అందరితో పాటే బయల్దేరేవాణ్ణి. కాలేజీ బస్సు ఎక్కకుండా కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కూర్చునేవాణ్ణి. సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. నిద్ర పట్టేది కాదు. ఫోన్ మోగితే గుండె దడదడలాడేది.

2023 జనవరిలో రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. ఇంకో రెండు పోయాయి. మొత్తం నాలుగు సప్లీలు. ఆ రాత్రి చచ్చిపోవాలనిపించింది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. కానీ ఇది లేకుండా మిగతాదంతా అబద్ధమవుతుంది.

నా రూమ్‌మేట్ ఒకడు సత్తుపల్లి వాడు. మా కాలేజీలోనే సివిల్. వాడికి రాత్రి మెలకువ వచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. లైటు వేయలేదు వాడు. పక్కన కూర్చున్నాడు. "పది రోజుల్నుంచి నీ ఐడీ కార్డు మేకుకే ఉంది రా. కాలేజీకి పోవట్లేదని నాకు తెలుసు. ఏమైందో ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడు. చెప్పాను. తొమ్మిది మార్కుల దగ్గర మొదలుపెట్టి ఆ రాత్రి వచ్చిన ఆలోచన దాకా చెప్పాను. ఏడ్చాను. వాడు ధైర్యవచనాలేమీ చెప్పలేదు. తెల్లారేదాకా నా పక్క నుంచి లేవలేదు.

మధ్యలో వాడే 14416కి ఫోన్ చేసి నా చేతికిచ్చాడు. టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే సహాయ నంబరు. కాలేజీ నోటీసు బోర్డు మీద చూశాడట. అటువైపు ఒక మేడమ్ తెలుగులోనే మాట్లాడారు. తిన్నావా, గదిలో తోడు ఎవరున్నారు, పొద్దున డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు అని అడిగారు. ఆ ప్రశ్నలకు జవాబులు నా దగ్గర ఉన్నాయి. చాలా రోజుల తర్వాత నేను జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు అవే.

మర్నాడు ఎర్రగడ్డ మానసిక వైద్య ఆస్పత్రికి వెళ్లాం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే ఎగతాళి మాట. క్లాసులో నేనూ ఆ మాట అని నవ్వినవాణ్ణే. ఓపీ లైనులో తెలిసినవాళ్లు కనపడతారేమోనని మాస్కు తీయలేదు. నా ముందు ఒక బ్యాంకు ఉద్యోగి, వెనక పాపను ఎత్తుకున్న ఒకావిడ ఉన్నారు. డాక్టరు ఇరవై నిమిషాలు విన్నారు. మందులు రాశారు. నయమైందనిపించినా చెప్పకుండా మానొద్దన్నారు. రెండో వారంలో మానేశాను. మళ్లీ నిద్ర కరువైంది. అప్పట్నుంచి సత్తుపల్లి వాడు రోజూ రాత్రి స్ట్రిప్పు లెక్కపెట్టేవాడు. ఎనిమిది నెలలు లెక్కపెట్టాడు.

ఇంట్లో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. నాలుగు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని పెట్టేశాను. ఐదో రోజు చెప్పాను. సాంచాల చప్పుడులో బాపుకి సగమే వినపడ్డట్టుంది. బయటికొచ్చి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత "సప్లీ ఫీజెంత?" అన్నాడు.

తెల్లారి రాత్రి షిఫ్టు దిగి, అలాగే బస్సెక్కి హైదరాబాద్‌లో జేబీఎస్ బస్టాండులో దిగాడు. బనీను మీద నూలు పీచు అలాగే ఉంది. మార్కుల సంగతి ఎత్తలేదు. "మంచిగున్నవా కొడుకా" అని నా మొహం చూశాడు. మా సిరిసిల్లలో అప్పులతో, పని లేక ప్రాణం తీసుకున్నవాళ్ల కబుర్లు వింటూ పెరిగాను నేను. వాళ్లలో కొందరు బాపుకి తెలిసినవాళ్లే. ఆ చూపులో ఏముందో నాకు అర్థమైంది. మధ్యాహ్నం నా పరుపు మీద పడుకుని నిద్రపోయాడు. లేచేదాకా పక్కనే కూర్చున్నాను.

తర్వాత హాజరు. 75 శాతం ఉండాలి. 65 దాటితే వైద్య కారణాల మీద కండొనేషన్ ఇస్తారు. దాని కిందికి పోతే డిటెయిన్. మిగిలిన రోజుల్లో ఒక్క క్లాసు కూడా మానకుండా వెళ్తే 66 వచ్చింది. ఎర్రగడ్డ ఓపీ చీటీ మా హెచ్‌ఓడీ మేడమ్ టేబుల్ మీద పెట్టాల్సి వచ్చింది. చేతులు వణికాయి. ఆమె చదివి, అటెండరు లోపలికి వస్తుంటే చీటీని తిరగేసి పెట్టారు. సంతకం చేసి కవర్లో పెట్టి ఇచ్చారు. ఆమె నాతో మాట్లాడింది రెండు నిమిషాలే. ఆ చీటీ తిరగేయడం నేను మర్చిపోను.

మూడో ఏడాది ఎం-వన్‌లో మూడోసారి 24 వచ్చాయి. రెండు మార్కులు తక్కువ. ఆ రోజు మళ్లీ భయం పట్టుకుంది, పాత రోజులు తిరిగొస్తాయని. ఈసారి సాయంత్రం దాకా ఆగలేదు. క్లాసులోనే ముందు బెంచీ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆమెతో అంతకుముందు పది మాటలు కూడా మాట్లాడలేదు. "నాకు అర్థం కావట్లేదు, నేర్పిస్తావా" అని అడిగాను. ఆ మాట అనడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది. ఆమె పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. తెలుగు చదవడం సరిగా రాదు. లంచ్ తర్వాత లైబ్రరీలో రోజూ అరగంట చొప్పున రెండు నెలలు చెప్పింది. నోట్సులో ప్రతి ఇంగ్లిష్ మాట పక్కన తెలుగు మాట నా చేత రాయించింది. తను కూడా పలికి చూసేది. నాలుగోసారి 38 వచ్చాయి. రిజల్ట్ ముందు చూసింది ఆమే. క్యాంటీన్ నుంచి పరుగెత్తుకొచ్చి చెప్పింది.

మా సీనియర్ అన్న ఒకాయన తన తొమ్మిది సప్లీల కథ నాకు దాచకుండా చెప్పాడు. కర్రీ పాయింట్ అక్క నెలాఖరున డబ్బులడగకుండా పప్పు కట్టి ఇచ్చింది. వీళ్లకూ రుణపడి ఉన్నాను.

ఇది చదివేవాళ్లలో మొదటి సెమిస్టర్ రాయబోయేవాళ్లుంటారు. మీకూ తొమ్మిది రావచ్చు. తొమ్మిదితో నాకు పోయింది ఒక సబ్జెక్టు. దాన్ని దాచినందుకు ఏడాది పోయింది, ప్రాణం మీదికి వచ్చింది. ఫలితం వచ్చిన రోజే ఒక్కరికైనా ఉన్న అంకె చెప్పండి. మీ రూమ్‌లో ఎవరి ఐడీ కార్డైనా రోజుల తరబడి మేకుకే ఉంటే, మీరే వెళ్లి అడగండి.

పోయిన వారం రూమ్ ఖాళీ చేశాం. సత్తుపల్లి వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. నాకు ఇంకా రాలేదు. ఇంటర్వ్యూలు మూడు పోయాయి. ఇప్పటికీ ఫలితం తెరిచేటప్పుడు నా వేళ్లు చల్లబడతాయి. మూడోది పోయిన రోజు జేబీఎస్‌లో సిరిసిల్ల బస్సు కోసం నిలబడి బాపుకి ఫోన్ చేశాను. రాలేదు బాపూ అని చెప్పాను. బస్సెక్కక ముందే చెప్పాను.