వకారం కోసం రెండు దంతాలు



మూడు సంవత్సరాల క్రితం, కార్తిక మాసంలో మూడవ సోమవారం నాడు, మహన్యాసపూర్వక రుద్రాభిషేకం ముగిసిన తరువాత, అభిషేక జలంతో తడిసిన అంతరాళంలో కాలు జారి గర్భాలయపు రాతి గడప మీద బోర్లా పడ్డాను. చేతిలోని రాగి చెంబు ఎటో దొర్లిపోయింది. పై వరుసలో నట్టనడుమ ఉన్న రెండు దంతాలలో ఒకటి వేరుతో సహా ఊడి పడింది. రెండవది అడ్డంగా విరిగింది. వారం తిరగకుండానే దానినీ తీసివేయవలసి వచ్చింది. రక్తబిందువులు పడినందున ఆలయంలో సంప్రోక్షణ జరిగింది. గాయం మానేంతవరకు మా తమ్ముడే అర్చన నిర్వహించాడు.

ఊడిన దంతాన్ని ఎవరో నిర్మాల్యంతో పాటు ఊడ్చి పారవేశారు. ఆ తరువాత ఎన్నో నెలలకు ఒక వైద్యురాలు చెప్పగా తెలిసింది: అలా సమూలంగా ఊడిన దంతాన్ని వేరు భాగం ముట్టుకోకుండా, రుద్ది కడగకుండా, పాలలో వేసి అరగంట, గంటలోపు దంతవైద్యుని వద్దకు చేర్చగలిగితే దానిని తిరిగి దాని స్థానంలోనే నిలిపే అవకాశం ఉంటుందట. ఆనాడు గర్భాలయంలో అభిషేకానికి తెచ్చిన ఆవుపాలు బిందె నిండా ఉన్నాయి! శాస్త్రం చదువుకున్నాను గాని ఈ చిన్న విషయం నాకు తెలియకపోయింది. దేవాలయాలలో పనిచేసే వారైనా, పసిపిల్లలున్న గృహస్థులైనా దీనిని జ్ఞాపకం ఉంచుకోవాలని ప్రార్థన.

దంతాలు పోయినందుకు ముఖసౌందర్యం గురించి నేను చింతించలేదు. చింత అక్షరాల గురించి. మాది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. వర్ణోత్పత్తి స్థానాలు ఎనిమిదింటిలో దంతాలను ఒకటిగా పాణినీయ శిక్ష పరిగణిస్తుంది. తవర్గం, లకారం, సకారం దంత్యాలు; వకారం దంతోష్ఠ్యం. అనగా పంచాక్షరిలోని మొదటి అక్షరమూ, నాలుగవ అక్షరమూ దంతాల ఆశ్రయంతోనే పలుకుతాయి. నమకంలో నమస్సు ఎన్ని మార్లు వస్తుందో పాఠకులకు చెప్పనవసరం లేదు. ఆ నకారాన్ని ఎలాగో పై చిగురు మీద జిహ్వాగ్రం ఆనించి సరిదిద్దుకున్నాను. సకారం మాత్రం ఈల వలె జారిపోయింది. వకారమైతే క్రింది పెదవి తాకడానికి దంతమే లేక, రెండు పెదవుల నడుమ నుంచి వట్టి గాలిగా వెలువడింది.

ఇక్కడ మా గురువుగారిని స్మరించాలి. నేను పాఠశాలలో చేరేనాటికే ఆయన నోట ఒక్క దంతం లేదు. అయినా ఘన చెబుతూ ఉంటే తవర్గంలో ఒక్క అక్షరం చెదిరేది కాదు. ఒకనాడు ధైర్యం చేసి, "గురువుగారూ, దంతాలు లేకుండా దంత్యాలు ఎలా పలుకుతున్నారు?" అని అడిగాను. ఆయన నవ్వి, "ఒరే నాయనా, మన ప్రాతిశాఖ్యం తవర్గానికి దంతమూలం చెప్పింది గాని దంతం చెప్పలేదు. దంతాలు పోయాయి, మూలం ఎక్కడికి పోతుంది? వకారానికి మాత్రం దంతాలే చెప్పింది. నా బెంగంతా దాని మీదే" అన్నారు. తైత్తిరీయ ప్రాతిశాఖ్యం చెప్పేది నిజంగా అంతే. ఆయన వకారం కోసం ప్రత్యేకంగా పెదవిని చిగురుకు నొక్కి పట్టేవారని తరువాత గమనించాను. ఆ శ్రమ ఆయనకు సాధ్యమైంది. నాకు ఆ ప్రజ్ఞ లేదు. పైగా ఆయన దంతాలు వృద్ధాప్యంలో ఒక్కొక్కటిగా రాలాయి, నాలుకకు అలవాటుపడే వ్యవధి దొరికింది. నాకు ఒక్క క్షణంలో పోయాయి.

అయినా గురువుగారి దృష్టాంతాన్ని సాకుగా పెట్టుకుని ఆరు మాసాలు గడిపాను. సాయంకాలం మా ఇంటి అరుగు మీద నలుగురు పిల్లలకు సంత చెబుతాను. నేను ఒక మారు చెప్పినది వారు రెండు మార్లు వల్లించాలి. వారిలో తొమ్మిదేళ్ళ వటువు ఒకడు మహా సూక్ష్మగ్రాహి. ఒకనాడు వాడు పనసను వల్లిస్తుండగా ప్రతి సకారానికీ ఈల వినిపించింది. ముందు వరుస దంతాలు ఊడే ఈడు దాటినవాడు; వాడి పలువరుస నిండుగా ఉంది. "ఎందుకురా అలా పలుకుతున్నావు?" అని గద్దించాను. వాడు బిక్కమొహం వేసి, "మీరు అలాగే చెప్పారు కదండీ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్వరలోపం వల్ల ఇంద్రశత్రు శబ్దం ఎలా వికటించిందో చిన్నప్పటి నుంచి చెప్పుకుంటూ వచ్చినవాడిని. నా నోటి దోషం నాతో పోదు. వాడి నోట నిలిచి, వాడి శిష్యుల నోట నిలుస్తుంది.

మొదట కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాను. రెండు దంతాలకు ఆధారంగా అంగిలి మీద ఆనుకునే ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. వకారం వచ్చింది, కాని అంగిలి కప్పబడిపోయినందున చకారమూ, శకారమూ, మూర్ధన్యాలూ మొద్దుబారాయి. ఒక స్థానం బాగుచేయబోతే మరి రెండు స్థానాలు చెడ్డాయి. అంతకంటె పెద్ద చిక్కు శౌచానిది. మంత్రపుష్పం చెబుతూ ఉండగా ఆ పలక వదులై జారేది. చేతితో సర్దితే చేయి ఉచ్ఛిష్టం. వెంటనే బయటకు వెళ్ళి చేయి కడిగి ఆచమించాలి. ఒక శివరాత్రి నాడు నాలుగు యామాలలో ఏడు మార్లు అలా వెళ్ళాను. భక్తులు నాకేదో అనారోగ్యమనుకున్నారు.

రెండవ మార్గం బ్రిడ్జి. దానికి అటూ ఇటూ ఉన్న దంతాలను అరగదీసి, వాటికి తొడుగులు వేసి, నడుమ కృత్రిమ దంతాలను వ్రేలాడదీస్తారు. చాలామందికి అది చక్కగానే పనిచేస్తుంది. కాని ఏ దోషమూ చేయని పొరుగు దంతాలను అరగదీయడానికి నా మనస్సు ఒప్పలేదు. మిగిలినది ఇంప్లాంటు: దవడ ఎముకలో టైటానియం మరను నాటి, దాని మీద దంతాన్ని నిలపడం.

ఈ విద్య వెనుక ఒక ముచ్చటైన వృత్తాంతం ఉంది. 1952లో స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు ఎముకలోని రక్తప్రసారాన్ని పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరాన్ని అమర్చాడు. పని ముగిశాక తీయబోతే అది రాలేదు; ఎముక దానిని తనదిగా పట్టుకుంది. 1965లో గోటెన్‌బర్గ్‌లో తొలిసారిగా ఒక మనిషి దవడలో ఈ మరలను నాటాడు. ఆ రోగి వాటితోనే నలభై ఏళ్ళకు పైగా జీవించాడు. తోటి వైద్యులు మాత్రం చాలాకాలం నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సభ తరువాతనే ఈ విధానం విస్తృతంగా అంగీకారం పొందింది. మనం పీఠం మీద మూర్తిని అష్టబంధనంతో నిలుపుతాము. అది కాలక్రమాన సడలుతుంది గనుక పన్నెండేళ్ళకు ఒకమారు మళ్ళీ వేస్తాము. ఇక్కడ బంధనద్రవ్యమే లేదు. ఎముకే పెరిగి లోహాన్ని చుట్టుకుంటుంది. చరకుడు శరీరంలోని అస్థులను లెక్కిస్తూ ముప్పది రెండు దంతాలతో పాటు ముప్పది రెండు దంతోలూఖలాలను కూడా చెప్పాడు. ఉలూఖలమంటే రోలు. నా రెండు రోళ్ళు ఖాళీగా ఉన్నాయి, ఆలస్యం చేసినకొద్దీ పూడిపోతున్నాయి.

పట్టణంలో మొదట వెళ్ళిన ఆసుపత్రిలో స్కాన్ తీసి, పెదవి వైపు ఎముక పలుచబడిందనీ, మర నాటడానికి ముందు ఎముక పొడి వేయాలనీ చెప్పారు. "ఏ ఎముక పొడి?" అని అడిగాను. "అవన్నీ మీకెందుకు పంతులుగారూ, అంతా శుద్ధి చేసినదే" అన్నారు. నేను లేచి వచ్చేశాను. రాజమహేంద్రవరంలో మరొక వైద్యురాలిని అదే ప్రశ్న అడిగాను. ఆమె అలమర నుంచి పెట్టె తీసి నా ముందు ఉంచి, "ఇది గోజాతి ఎముక నుంచి తయారైనది గురువుగారూ. ఎక్కువగా వాడేది ఇదే. మీరు వద్దంటే కాల్షియం ఫాస్ఫేటుతో కృత్రిమంగా చేసినది ఉంది. మీకు కావలసింది కొద్దిపాటి భాగానికే గనుక అది సరిపోతుంది. పైన కప్పే పొర కూడా పశుచర్మం నుంచి వచ్చేది కాకుండా మీ రక్తంతోనే తయారుచేయవచ్చు" అన్నది. రోజూ గోపూజ చేసే చేతులు నావి. ఆ పెట్టె మీది అక్షరాలు చదివినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది. అడగకపోతే ఏమయ్యేదో! ఆ పదార్థంతో ఎందరో స్వస్థత పొందుతున్నారు, వారిని నేను ఆక్షేపించను. అయితే అడిగినవారికి నిజం చెప్పడం, ప్రత్యామ్నాయం చూపడం వైద్యుని ధర్మం. అడగడం మన ధర్మం.

ఆమె మరొక మాట కూడా చెప్పింది. నాకు మధుమేహం. మూడు నెలల చక్కెర సగటు 8.4 ఉంది, దానిని 7 దగ్గరకు తెస్తేగాని కత్తి పట్టనన్నది. చక్రపొంగలి నైవేద్యం పెట్టేవాడికి ఇది ఎంతటి తపస్సో తోటి అర్చకులకే తెలుస్తుంది. ప్రసాదాన్ని కళ్ళకద్దుకుని రవ్వంత స్వీకరించి మిగిలినది పంచిపెట్టాను. ఐదు మాసాలు పట్టింది.

ఈలోగా శాస్త్రచర్చ వచ్చింది. మా బంధువర్గంలో ఒక పెద్దాయన, దేహంలో లోహం నాటించుకున్నవాడు గర్భాలయంలో ప్రవేశించవచ్చునా అని శంకించారు. ఆయనకు నేను మూడు విషయాలు విన్నవించాను. యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు జంఘను అమర్చినట్లు ఋగ్వేదం చెబుతున్నది. దంతాలు పోయిన పూషునికి అశ్వినులే చికిత్స చేశారని చరకసంహిత చెబుతున్నది. దంతాలకు అంటుకుని ఉన్నదానిని దంతంగానే భావించాలని గౌతమ ధర్మసూత్రం శౌచప్రకరణంలో చెబుతున్నది. ఈ మూడవది పంటిలో చిక్కిన ఆహారం గురించి చెప్పినది, ఇంప్లాంటు గురించి కాదు. దానిని సాగదీస్తున్నానని నాకు తెలుసు. పెద్దాయన కూడా అదే పట్టుకున్నారు. "పూషుడికి పిండి నైవేద్యమే మిగిలింది కదా, అశ్వినులు బాగుచేస్తే మళ్ళీ పిండి ఎందుకు?" అని తిప్పికొట్టారు. దక్షయజ్ఞం జరిగినదని ప్రసిద్ధి చెందిన దాక్షారామం మాకు దగ్గరే. పూషుని దంతాల ప్రస్తావన మా ప్రాంతంలో ఇంటి ముచ్చట వంటిది! సమాధానం చెప్పలేకపోయాను. చివరకు ఆయనే, "వేదం స్పష్టంగా పలకడం కోసమైతే చేయించుకో. అందం కోసమైతే వద్దు" అని అనుమతించారు.

శస్త్రచికిత్స గురించి చెప్పవలసింది కొద్దే. మత్తు ఇంజెక్షను తరువాత నొప్పి లేదు. చల్లని ఉప్పునీటి ధార క్రింద ఎముకను మెల్లమెల్లగా తొలుస్తుంటే ఆ కంపనం చెవుల వరకు వచ్చింది. మనస్సులో నమకం మొదలుపెట్టాను, ఎనిమిదవ అనువాకం వద్ద "అయిపోయింది" అన్నారు. రక్తం స్రవించినన్ని రోజులు ఆలయం మెట్లు ఎక్కలేదు. ఎముక పొడి కుదురుకోవడానికి నాలుగు నెలలు, మరలు నాటాక మరొక నాలుగు నెలలు వేచి ఉన్నాను. ఆ తరువాత వాటికి తెల్లని జిర్కోనియా తొడుగులు బిగించారు. లక్ష రూపాయలు దాటింది. అందులో సగం ఒక అతిరుద్రంలో వచ్చిన సంభావన.

కొత్త దంతాలు వచ్చిన మొదటి వారం సకారం మరీ పదునుగా, కత్తి నూరినట్లు వచ్చింది. నాలుక రెండేళ్ళ అలవాటును వదలలేదు. పసివాడి వలె వర్ణక్రమం మొదటినుంచి వల్లించాను. ఈ దంతాలకు ఒక లోటుంది. సహజదంతానికీ ఎముకకూ నడుమ ఒక మెత్తని బంధనం ఉంటుంది. కొరికినప్పుడు ఎంత బలం పడుతున్నదో అదే తెలియజేస్తుంది. ఇంప్లాంటుకు అది లేదు. కొబ్బరిముక్క ఎంత గట్టిదో ఈ దంతాలకు తెలియదు, అందుచేత ప్రక్క దంతాలతోనే నములుతాను. పుచ్చిపోవు గదా అని నిర్లక్ష్యం చేయడానికీ వీలు లేదు. చుట్టూ ఉన్న చిగురు చెడితే ఎముక కరిగి మర కదిలిపోతుంది. వేపపుల్లతో పాటు సందులు శుభ్రం చేసే సన్నని బ్రష్షు కూడా నా ప్రాతఃకృత్యాలలో చేరింది.

ఆ తొమ్మిదేళ్ళ వటువుకు ఇప్పుడు పన్నెండేళ్ళు నిండాయి. వాడి ఈలను మాన్పించడానికి నాకు సంవత్సరం పట్టింది. ఇప్పటికీ అలసిపోయినప్పుడు ఒక్కొక్కసారి వినిపిస్తుంది. వాడు తల వంచుకుంటాడు, నేనూ తల వంచుకుంటాను.

మొన్న మా పెద్దబ్బాయితో ఒక మాట చెప్పవలసి వచ్చింది. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీల వేడి కావాలి. చితాగ్ని అంత వేడిని ఇవ్వదు. సంచయనం నాడు అస్థులు ఏరేటప్పుడు నా తలవైపు రెండు మరలు కనిపిస్తాయి, చూసి భయపడవద్దన్నాను. వాడు కొంతసేపు మౌనంగా ఉండి, "వాటిని అస్థులతో పాటు గోదావరిలో కలపాలా నాన్నగారూ, వేరుగా తీయాలా?" అని అడిగాడు. నా దగ్గర ఉన్న ప్రయోగగ్రంథాలన్నీ తిరగవేశాను, ఎక్కడా కనిపించలేదు. ఎముక వదలకుండా పట్టుకున్నదానిని ఎముకతోనే పోనిమ్మన్నాను. వాడు సరేనని, సాయంకాలం సంతకు వేళయిందని గుర్తుచేసి, అరుగు మీద చాప పరచడానికి వెళ్ళాడు.