కొండబాటలో ముత్యము

అమెరికాదేశమున వర్జీనియా రాష్ట్రమునందు షెనాండోవా యను కొండయడవి కలదు. 1935లో దానిని జాతీయవనముగా నేర్పఱచిరి. ఆ కొండల వెన్నుమీదుగా అపలేచియన్ ట్రెయిల్ అను కాలిబాట పోవును. దక్షిణమున జార్జియాలోని స్ప్రింగరు కొండకడ మొదలిడి, ఉత్తరమున మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ శిఖరమును చేరువఱకు దాని నిడివి 2,190 మైళ్లకు పైబడును. 14 రాష్ట్రములు దారిలో తగులును. 1937లో బాట పూర్తియయ్యెను. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను 11 మంది బిడ్డల తల్లి, తన 67వ యేట, చేత కుట్టుకొన్న సంచి భుజమున వైచుకొని దీనినంతయు నొంటరిగా నడచినది. సోదరీమణులు ఈ పేరు గుర్తుంచుకొనదగును.

మేము నడువదలచినది సుమారు ఎనిమిది మైళ్లే; స్కైలాండునుండి బిగ్ మెడోస్ వఱకు. మా తమ్ముడును మఱదలును ఆ రాష్ట్రముననే కాపురముండుటచే, బడి సెలవులలో మావారును నేనును వారియింటికి పోయియుంటిమి. వారికి డాక్సుహుండు జాతి కుక్కలు రెండు. చిట్టికి మూడేండ్లు, ముత్యమునకు పండ్రెండు. జానెడు కాళ్లు, మూరెడు నడుము. మాయింట కుక్క గడప దాటి లోనికి రాదు. అచ్చట నవి పరుపుమీదనే నిద్రించును.

ఆ దేశపు జాతీయవనములు పెక్కింట బాటలమీద కుక్కలను రానీయరు. ఈ బాటయే గ్రేట్ స్మోకీ కొండలలో పోవుచోట వానికి నిషేధము. షెనాండోవాలో పోనిత్తురు గాని, డార్కు హాలో జలపాతపు దారివంటి కొన్నిటిని మినహాయించిరి. పగ్గము ఆఱడుగులకు మించరాదు. పగ్గమెందులకని అడిగితిని.

“ఎలుగుబంట్లున్నవి వదినా. చిట్టి మొఱిగి మీదికి పోయినదనుకొనుడు, భయపడి పరుగెత్తివచ్చునది మన కాళ్లకడకే గదా! దానివెంట ఎలుగుబంటియు వచ్చును” అని మఱదలు నవ్వినది.

చెట్లబోదెలమీద రెండంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గల తెల్లని గుఱుతులు దారి చూపుచుండెను. మాకు మోకాలివఱకు వచ్చు గడ్డి ఆ కుక్కలకు అడవియే. పొట్ట నేలకు తగులుచుండుటచే మంచును, పిడుదులును వానికే ముందంటును. మాటిమాటికి మడతగిన్నెలో నీరు పోయవలెను. రాతిమెట్టు వచ్చినచో దుముకనీయరాదు; పొడవైన ఆ వెన్నెముక చెడునట. ఒక చేయి ఱొమ్ముక్రింద, ఒకటి వెనుకకాళ్లక్రింద నుంచి, పసిబిడ్డవలె నెత్తవలెను.

హాక్స్‌బిల్ కనుమ దాటిన పిదప బాట ఆ వనమున కెల్ల మిన్నయైన హాక్స్‌బిల్ శిఖరపు వాలున సాగును. అచ్చట పైనుండి విఱిగిపడిన రాళ్లు గుట్టలుగా నున్నవి. ఏనాడో పాఱిన లావా గట్టిపడి, మాఱి, పచ్చనిచాయ దాల్చిన రాళ్లవి. వానినడుమ ముత్యము నిలిచి ముందుకాలొకటి పైకెత్తినది. అరికాలి తోలు రేగియున్నది.

“సంచిలో వైచుకొని పోవుదము అక్కా” అని తమ్ముడు. ముసలి వెన్ను ఆ కుదుపున కోర్వదని మఱదలు. దానికి కావలియుండెదను, మీరు పోయిరండని మావారు.

నాకు మహాప్రస్థానికపర్వము తలపునకు వచ్చెను. ద్రౌపది పడినపుడు ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు. తమ్ములు పడినను నడక మానలేదు. చనిపోయినవారిని బ్రదికింప తనకు శక్యము గాదని తరువాత ఇంద్రునితో ననెను. ఆ సమాధానము నాకేనాడును చాలినట్లు తోపలేదు. వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నాడే, అందులో మాత్రము వంక పెట్టుటకు లేదు. ఎనిమిది మైళ్లు స్వర్గమును గాదు.

“అందఱమును కనుమకే మఱలుదము” అంటిని. తమ్ముని ముఖము చిన్నబోయినది. బిగ్ మెడోస్ పచ్చికబయలు నాకు చూపవలెనని వాడెన్నినాళ్లనుండియో అనుకొనుచుండెను. అయినను మాఱుపలుకక ముత్యము నెత్తుకొనెను.

కనుమకడ మమ్ము కూర్చుండబెట్టి కారు తెచ్చుటకు వాడొక్కడే స్కైలాండునకు మఱల నడచెను. ఆ రాత్రి మఱదలు చిన్న పట్టకారుతో పిడుదులు తీసినది. చిట్టికి నాలుగు, ముత్యమునకు ఏడు. చెవులు వెనుకకు మడచి పట్టుకొనుట నా వంతు.