మీసాలొచ్చినంక

కోరుట్ల అవతల ఆ ఇంట్లో అడుగు పెడితే ముందు జర్దా ఘాటు తగిలేది. తల్లి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. కొడుకు గోడకానుకుని కట్టలు కట్టేవాడు. కట్టకు 25. ఒక్కటి తక్కువున్నా దారం ముడి పడేది కాదు. తండ్రి దుబాయిలో. నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం టీచరుని, ఇంటికెళ్లి అంకెలు, రంగులు, వారాల పేర్లు చెప్పేవాణ్ని. ఆ వయసులో నాకు పాఠమంటే అంతే.

ఒకనాడు ఆమె చేతులు ఆపకుండానే అంది: "సారూ, వీనికి మీసాలచ్చినయ్. వాళ్ల నాయినుంటే చూసుకుందు. నేనెట్ల గీకాలె?"

మంగలి షాపులో మిషను చప్పుడు వింటే చెవులు మూసుకుని రోడ్డు మీదికి ఉరికేవాడు. అందుకని మామూలు రేజరు, అదీ మొదట్లో బ్లేడు లేకుండా చేతికిచ్చాం. నురగ వాసన పడలేదు, కొబ్బరినూనె రాశాం. ఎడమ చెంప, కుడి చెంప, గదవ, మూతి: నా ముఖం మీదే గీసుకుంటూ ఫోటోలు తీయించి అద్దం పక్కన వరసగా అంటించాను. వాడు వాటి ప్రకారమే గీసుకున్నాడు. గొంతు కింద మాత్రం గడ్డం అలాగే ఉండిపోయేది. దానికి ఫోటో లేదు మరి! అదీ అంటించాక అక్కడా గీశాడు. ఇదంతా ఎన్నాళ్లు పట్టిందో గుర్తులేదు, నూనె మరకలు పడ్డ ఆ ఫోటోలు గుర్తున్నాయి.

2016 దసరాకి జిల్లాలు విడిపోయాయి. మేం జగిత్యాల జిల్లా అయ్యాం. దుకాణాల బోర్డుల మీద 'జిల్లా: కరీంనగర్' చెరిపేస్తుంటే వాడు వీధిలో నిలబడి ఒకటే ఏడుపు. ఆ డిసెంబరులోనే పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టంలో ఆటిజం చేరింది. 1995 చట్టంలో ఆ పేరే లేదు. వాడిది ఆటిజమే అయినా సర్టిఫికెట్ మీద అప్పటికీ బుద్ధిమాంద్యమనే ఉంది.

18 నిండాయి. మా రిజిస్టరులో పేరు పోయింది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద సంరక్షకుల్ని నియమించేది కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే కమిటీ. దరఖాస్తు పెట్టాలని చెబితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నేను కన్నోన్ని నాకే రాసియ్యాల్నా సారూ?"

రాసివ్వాలి. పద్దెనిమిది దాటితే చట్టం లెక్కలో వాడు మేజరు, తల్లి సంతకం చెల్లదు. అది ఆమెకు నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. పక్కింటి ఆశా కార్యకర్త చెబితే ఒప్పుకుంది.

ఇప్పుడు వాడికి పాతికేళ్లు దాటాయి. నెలకు 4,016 రూపాయల పింఛను వస్తుంది. గడ్డం తనే గీసుకుంటాడు. తయారై వెళ్లడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. ప్రతి భవిత కేంద్రం పక్కన, పద్దెనిమిది దాటినవాళ్లు పగటిపూట పని చేసుకోవడానికి ఒక గది, ఒక టీచరు కావాలి. అధికారులను నేను అడిగేది అంతకు మించి లేదు.