క్రిస్మస్ సెలవుల్లో డ్యూటీ ఎవరిది?

డిసెంబర్ రెండో వారం దాటిందంటే చాలు, మన ఇన్‌బాక్సుల్లోకి రెండు రకాల మెయిళ్ళు దిగుతాయి. ఒకటి కోడ్ ఫ్రీజ్ మెయిలు. జనవరి మొదటి వారం దాకా ప్రొడక్షన్‌లో ఎవరూ వేలు పెట్టొద్దని. రెండోది సెలవుల్లో సపోర్ట్ రోస్టర్. మొదటిది చూసి అందరూ హమ్మయ్య అనుకుంటారు. రెండోది తెరిచి, అందులో తమ పేరుందో లేదో వెతుక్కుంటారు. ఈ ఫీల్డులోకొచ్చి పాతికేళ్ళు దాటింది కాబట్టి ఆ రెండో మెయిల్లో నా పేరు చాలాసార్లే చూసుకున్నా.

క్రిస్మస్ సెలవులనగానే జనానికి కేకులు, మంచు, లాస్ వేగాస్ ట్రిప్పులు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ టైములో డ్యూటీలో ఉన్న మనుషులు గుర్తొస్తారు. వాళ్ళలో కొందరి గురించి చెప్తా. ఆ తర్వాత, రోస్టర్లు వేసే మేనేజర్లకీ లీడ్‌లకీ ఒక మాట.

మొదట 1999. నేను ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. హైదరాబాద్‌లో వైటూకే ప్రాజెక్టు. ఆ రోజులు తెలియని కుర్రాళ్ళ కోసం రెండు ముక్కలు: పాత ప్రోగ్రాముల్లో చోటు ఆదా చెయ్యడానికి సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచేవాళ్ళు. 99 తర్వాత 00 వచ్చినప్పుడు దాన్ని మిషను 2000 అనుకోకుండా 1900 అనుకుంటే వడ్డీలు, పాలసీ గడువులు అన్నీ తలకిందులే. పైగా 2000 లీపు సంవత్సరమా కాదా అన్న గొడవొకటి. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు, కానీ నాలుగొందలతో కూడా భాగించబడితే అవుతుంది. ఈ రెండో సగం మర్చిపోయి రాసిన కోడు మాకు అక్కడక్కడా తగులుతూనే ఉండేది. డిసెంబర్ 20 నుంచి జనవరి 5 దాకా మా టీంలో ఎవరికీ సెలవుల్లేవు, పెళ్ళి కుదిరినవాడికి కూడా!

ఆ ఏడు క్రిస్మస్ శనివారం వచ్చింది. మనకి 25 పొద్దున్న అంటే వాళ్ళకి 24 రాత్రి. క్లయింటు డేటా సెంటర్‌లో టెస్ట్ రన్ నడుస్తోంది. ఫోన్లో అవతల ఒక ఆపరేటర్ ఉండేవారు. గొంతుని బట్టి మా అమ్మకంటే పెద్దావిడే అనిపించేది. జాబ్‌కీ జాబ్‌కీ మధ్య ఖాళీలో ఊరికే ఉండలేక, "పండగ పూట డ్యూటీ మీకే పడిందా అమ్మా?" అన్న అర్థం వచ్చేలా నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగా. పడలేదట, తనే అడిగి తీసుకున్నారట. తన పిల్లలు పెద్దవాళ్ళైపోయి ఎవరిళ్ళల్లో వాళ్ళున్నారు. ఆ రాత్రి అసలు రావలసిన కుర్రాడికి రెండేళ్ళ పాప ఉంది. అందుకని వాణ్ణి ఇంటికి పంపేసి ఆవిడ వచ్చి కూర్చున్నారు.

అక్కడితో ఆగకుండా నన్ను ఎదురు ప్రశ్న వేశారు. మరి మీ పెద్ద పండగ ఎప్పుడు అని. ఇంకో మూడు వారాల్లో సంక్రాంతి అని చెప్పా. "ఆ రోజు నీ డ్యూటీ ఎవరు చేస్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా ఆఫీసులో అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు మరి!

తర్వాత 2004. అప్పటికి నేను న్యూజెర్సీలో ఆన్‌సైట్. క్రిస్మస్ రోజు అక్కడ రోడ్లు మన బంద్ రోజుల్లా ఉంటాయి. బియ్యం అయిపోయాయని గుర్తొస్తే ఇక అంతే సంగతులు, ఆ పూటకి బ్రెడ్డే గతి. నలుగురు బ్రహ్మచారులం కలిసి ఓ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆ సాయంత్రం బిర్యానీ లాంటిదేదో వండి (పేరు మాత్రం బిర్యానీయే), పాత సినిమా ఒకటి పెట్టుకుని కూర్చున్నాం.

సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కంపించింది అప్పుడే. మనకి డిసెంబర్ 26 ఆదివారం పొద్దున్న 6:29. మాకక్కడ 25 రాత్రి ఎనిమిది కావడానికి ఒక్క నిమిషం తక్కువ. అంటే ఇండియాలో పండగ మర్నాడు జరిగిన ఘోరం, మాకు పండగ రాత్రే జరిగింది. పదకొండు దాటాక ఎవరో ఫోన్ చేసి టీవీ పెట్టమన్నారు. మద్రాసు మెరీనా అంటున్నారు, నాగపట్నం అంటున్నారు, కోస్తా ఆంధ్ర కూడా అంటున్నారు. మా రూమ్మేట్ ఒకడిది చీరాల పక్కన సముద్రానికి దగ్గర ఊరు. ప్లేటు అక్కడే పెట్టేసి ఫోన్ అందుకున్నాడు.

అప్పట్లో ఇంటికి ఫోన్ అంటే కాలింగ్ కార్డే. ముందు దాని నంబరు కొట్టాలి, తర్వాత పిన్ను, ఆ తర్వాత ఇంటి నంబరు. అంతా అయ్యాక "అన్ని లైన్లూ బిజీగా ఉన్నాయి" అని ఓ ఆడగొంతు. నలుగురం వంతులేసుకుని నాలుగు ఫోన్లతో కొడుతూనే ఉన్నాం. తెల్లవారుజామున మూడున్నరకి మాలో ఒకడికి లైను కలిసింది. "ఒరే, మీ నాన్న!" అని అరిచి వాడి చేతికిచ్చాడు. ఇంట్లో అందరూ క్షేమం, ఊరి పడవలు మాత్రం కొట్టుకుపోయాయి. ఫోన్ పెట్టేశాక వాడు ఏమీ మాట్లాడలేదు. చల్లారిన అన్నం ముందేసుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రిదే ఇంకో సంగతి. మా వారాంతపు జాబులు చూసే ఆఫ్‌షోర్ టీం ఉండేది మద్రాసులోనే. సాయంత్రం దాకా టెన్షన్‌లో ఉండి మెయిల్ తెరిస్తే, డ్యూటీలో ఉన్న తమిళబ్బాయి స్టేటస్ పంపేశాడు. జాబులన్నీ అయ్యాయి, ఎర్రర్లు లేవు, ఇక్కడ సముద్రం ఊళ్ళోకి వచ్చిందంటున్నారు, మేమంతా క్షేమం అని నాలుగు ముక్కలు. పొద్దున్న మా క్లయింటు మేనేజర్, పండగ సెలవులో ఉన్నాయన, నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ఆ అబ్బాయి గురించే. జాబుల గురించి అసలు అడగలేదు.

ఆ సునామీలో ఎన్నో దేశాల్లో కలిపి 2,20,000 మందికి పైగా పోయారు. మన ఆంధ్ర తీరంలోనే వంద మందికి పైగా. ఆ రోజు పౌర్ణమి, పైగా ఆదివారం. మంగినపూడి లాంటి చోట్ల జనం సముద్ర స్నానాలకెళ్ళే రోజు. కడుపు మండే విషయం ఏంటంటే, భూకంపం వచ్చిన చోటు నుంచి కెరటాలు మన తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలు! చెప్పేవాడుంటే గట్టెక్కడానికి చాలినంత టైము. చెప్పే వ్యవస్థే లేకపోయింది.

ఆ వ్యవస్థ తర్వాత వచ్చింది. 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ అనే సంస్థలో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, మన కూకట్‌పల్లికి అవతల ప్రగతినగర్‌లో! భూకంప కేంద్రాల నుంచి, సముద్రంలో తేలే బోయల నుంచి, తీరంలో నీటిమట్టం కొలిచే గేజీల నుంచి వచ్చే డేటాని అక్కడ ఇరవై నాలుగ్గంటలూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. క్రిస్మస్ రాత్రీ చూస్తారు, సంక్రాంతి పొద్దున్నా చూస్తారు. మనం ప్రొడక్షన్ సపోర్ట్ అని విసుక్కునే పనికి అసలు రూపం అదీ. వాళ్ళు మెలకువగా ఉంటారు కాబట్టే ఒడ్డున మిగతావాళ్ళు నిద్రపోతారు.

అదే 2007 డిసెంబర్. నేను హైదరాబాద్ తిరిగొచ్చేశా. నవంబర్ చివర్లో ఓ కాన్ఫరెన్స్ కాల్. సెలవుల్లో సపోర్ట్ సంగతి వచ్చేసరికి అవతలాయన చాలా మామూలుగా, "డిసెంబర్ 24 నుంచి ఇండియా టీం చూసుకుంటుంది, మీకు క్రిస్మస్ లేదు కదా" అనేశాడు. చెడ్డవాడేం కాదు, తెలియక అన్నాడు. మా రూములో ఓ క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే నా పక్క కుర్చీలో ఉన్న మిత్రుడిది తెనాలి దగ్గర పల్లెటూరు, వాళ్ళది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. ఆయన ఫోన్ మ్యూట్‌లో పెట్టి, "పోన్లే బాసూ, వాళ్ళతో గొడవెందుకు" అన్నాడు.

మెదక్ చర్చికి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. ఎనభై మూడేళ్ళ తర్వాత, అదే చర్చికి వంద కిలోమీటర్ల దూరంలో కూర్చున్న మాకు "మీకు క్రిస్మస్ లేదు" అని ఫోన్లో చెప్తున్నారన్నమాట. నేను మ్యూట్ తీసి, మా టీంలో క్రిస్మస్ చేసుకునేవాళ్ళున్నారు, ముందు వాళ్ళని అడిగి రోస్టర్ పంపుతాం అని చెప్పా. ఆయన వెంటనే సారీ చెప్పి, మీ పండగల లిస్టు కూడా పంపండి అన్నాడు. చూశారా, అడగడానికి పట్టింది పది సెకన్లు!

తర్వాత టీ తాగుతుంటే అసలు విషయం తెలిసింది. వాళ్ళ ఊళ్ళో డిసెంబర్ నెలలో రాత్రిళ్ళు ఇంటింటికీ వెళ్ళి క్యారల్స్ పాడే బృందం ఉంది. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళ నాన్నగారే దానికి పెద్ద. ఆ ఏడు ఆయనకి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. నా బదులు నువ్వు ముందు నడవాలిరా అని కొడుకుని అడిగారట. ఈయనేమో రోస్టర్ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని చూస్తున్నాడు! అప్పటికప్పుడు ఒప్పందం చేసుకున్నాం. 24 రాత్రి, 25 పగలు నావి. భోగి, సంక్రాంతి ఆయనవి.

24 రాత్రి పన్నెండుకి ఆఫీసులో నేనూ, సెక్యూరిటీ ఆయనా, ఏసీ చప్పుడూ. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అవతల ఎవరూ మాట్లాడటం లేదు, పాట వినిపిస్తోంది. డప్పు, చప్పట్లు, పిల్లల గోల. మా వాడు ఫోన్ని అలా పైకెత్తి పట్టుకున్నాడని తర్వాత చెప్పాడు. మూడు వారాల తర్వాత నేను మా ఊళ్ళో భోగిమంట దగ్గరుంటే ఆయన ఆఫీసులో కూర్చుని "సర్వర్లు సల్లగున్నాయి, నువ్వు గారెలు తిను" అని ఎస్సెమ్మెస్ పెట్టాడు. అంతకు ముందే ఓ డబ్బా నిండా కజ్జికాయలు తెచ్చిచ్చాడు లెండి. తర్వాతి క్రిస్మస్‌కి వాళ్ళ నాన్నగారు లేరు.

ఇక ఆఖరిది, 2021. లాగ్‌ఫోర్‌జె గుర్తుందా? మర్చిపోయే రకమా అది! డిసెంబర్ 10న లోకమంతటికీ తెలిసింది. జావాలో లాగులు రాసుకునే లైబ్రరీ. దానికి ఓ ప్రత్యేకమైన అక్షరాల వరస అందితే, బయటి సర్వర్ నుంచి కోడు తెచ్చుకుని నడిపేస్తుంది. తీవ్రత పదికి పది. 2.15 వేశాం, చాల్లేదన్నారు. 2.16 వేశాం. 2.17 అన్నారు. క్రిస్మస్ అయ్యాక 2.17.1 అన్నారు. ఫ్రీజ్ లేదు, గీజ్ లేదు. ఇంట్లోంచే పని కాబట్టి మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇంకా ఎన్ని పాయింట్లు ఉన్నాయి?" అని అడిగింది.

మేమందరం తిట్టుకుంటూ చేశాం, ఏమాటకామాటే. కానీ మాకు జీతాలొస్తున్నాయి. ఆ లైబ్రరీని బాగుచేస్తూ వెర్షన్ మీద వెర్షన్ వదిలినవాళ్ళు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు, పండగ సెలవుల్లో దీని మీద కూర్చున్నారు. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలన్నీ వాళ్ళ కోసం ఎదురుచూశాయి. వాళ్ళ రోస్టర్ ఎవరు వేశారు? ఎవరూ వెయ్యలేదు.

ఇప్పుడు నా మాట. సెలవుల్లో డ్యూటీ తప్పదు, దాని గురించి నాకు పేచీ లేదు. పేచీ అంతా ఎవరిదో ఊహించేసుకోవడం మీదే. పెళ్ళి కాలేదు కాబట్టి వీడికి పనేముంటుంది, పేరు చూస్తే హిందువు కాబట్టి క్రిస్మస్ ఉండదు, ఊరు దూరం కాబట్టి ఎలాగూ వెళ్ళడు... ఇలా మనసులోనే లెక్కలేసుకుని రోస్టర్ పంపేస్తాం. పేరుని బట్టి మతం, మతాన్ని బట్టి పండగ చెప్పడం మన దగ్గర అసలు కుదరదు.

కాబట్టి లీడ్‌లకీ మేనేజర్లకీ నేను చెప్పేది ఇంతే. నవంబర్ మొదటి వారంలోనే టీంలో ప్రతివాళ్ళనీ ఏడాదిలో నీకు ముఖ్యమైన రెండు రోజులు ఏవి అని అడగండి. ఎందుకని అడగొద్దు. క్రిస్మస్ కావచ్చు, రంజాన్ కావచ్చు, సంక్రాంతి, బతుకమ్మ, కూతురి పుట్టినరోజు, ఏదైనా కావచ్చు. ఆ రెండు రోజులూ వాళ్ళ జోలికెళ్ళకుండా మిగతావి పంచండి. ఎవరైనా మార్చుకుంటామంటే మార్చుకోనివ్వండి. కాంపాఫ్ ఇస్తామని చెప్పి మార్చి నెలాఖరుకి మురగబెట్టకండి. ఇక పండగ రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న జాబుల గురించి కాకుండా చూసుకోండి. జాబుల సంగతి ఎలాగూ మెయిల్లో వస్తుంది.

నా సంగతంటారా? ఈ ఏడు 24 రాత్రి నాకే కావాలని ముందే చెప్పేశా. టీంలో ఓ అబ్బాయికి కొత్తగా పాప పుట్టింది, మొదటి క్రిస్మస్. బదులుగా భోగినాడు నన్ను పిలవకూడదని మెయిల్లో రాయించుకున్నా, క్లయింటుకి సీసీ పెట్టి మరీ :-)