రెండు ఆషాఢాల ఏడాది

2015లో మా రాజమండ్రికి ఆషాఢం రెండుసార్లు వచ్చింది. జూన్ మధ్యలో అధికాషాఢం పట్టింది. అది పోగానే నిజాషాఢం. ఆగస్టు మధ్య దాకా పెళ్లి మాటే లేదు. నడుమ జూలై 14 నుంచి పన్నెండు రోజులు గోదావరి పుష్కరాలు. నేను పద్దులు రాసే సప్లయర్స్ షాపులో షామియానాలూ కుర్చీలూ ఆ పన్నెండు రోజులూ పుష్కరాల పనులకే వెళ్లిపోయాయి. అంతకు ముందూ, ఆ తర్వాతా గుండిగలు బోర్లించి ఉండేవి, కుర్రాళ్లు గోడౌన్లో పేకాడుకునేవారు.

కొత్త పద్దులు లేక పాతవి తిరగేస్తూ కూర్చున్నాను. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా, పుష్యమాసమైనా చిన్న బేరాలు మాత్రం ఆగలేదని అప్పుడు గమనించాను. యాభై కుర్చీలు, రెండు టేబుళ్లు, ఒక మైకు సెట్టు. అన్నీ పిల్లల పుట్టినరోజులు, బారసాలలు, రిటైర్మెంటు సన్మానాలు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసుకునేవాళ్లు శుక్రుడు ఎక్కడున్నాడని అడగరు. పుట్టినరోజుకైతే తారీఖు పుట్టినప్పుడే ఖాయమైపోయింది.

కుర్చీలకు వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ, "డెకరేషన్ ఎవరైనా చేస్తారాండీ?" అనేవారు. పెళ్లి మండపాలు కట్టేవాళ్లు అంత చిన్న పనికి రారు. నేను చేస్తానంటే షాపు యజమాని, ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని, "బుడగలూదడం కూడా యాపారవేనా అమ్మా?" అని నవ్వారు. నవ్వుతూనే గోడౌన్లో పడున్న రెండు ఇనుప స్టాండ్లు అద్దె లేకుండా ఇచ్చారు.

మొదటి పని దానవాయిపేటలో ఒక డాబా మీద, మనవడి మొదటి పుట్టినరోజు. స్టాండ్ల మధ్య నెట్ గుడ్డ, దాని మీద బుడగల తోరణం, థర్మాకోల్‌లో కోయించిన బాబు పేరు, సీరియల్ లైట్లు. అంతే. రబ్బరు బుడగకి మా ఊరి ఎండ పడదు. గంట తిరక్కుండా మెరుపు పోయి పాలిపోతుంది, వేడికి పేలుతుంది కూడా. అందుకని ఊదడం ఇంట్లో, కట్టడం ఎండ దిగాక. ఊదిన బుడగలన్నీ దుప్పట్లలో మూటగట్టి ఆటోలో వేసుకెళుతుంటే వీధిలో పిల్లలందరూ వెంటపడ్డారు.

పుట్టినరోజు ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలుసుకోవడమే సగం పని. తల్లి ఫోనులో ఫొటో చూపిస్తుంది, అది ఏ ముంబయి హోటల్లోనో తీసినది. మేనత్త రంగు మారుస్తుంది. తాతగారు డబ్బిస్తారు, ఆయనకి ఫొటో సంగతే తెలియదు. ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఏది వస్తుందో ఏది రాదో కాగితం మీద రాసి, తాతగారి చేత చదివించాకే అడ్వాన్సు తీసుకునేదాన్ని. మిగతా డబ్బు కేకు కోసేలోపు చేతికి రావాలి. కోశాక ఆ ఇంట్లో అందరికీ భోజనాల హడావిడి, ఆ తర్వాత అందరికీ నిద్ర, మర్నాడు ఎవరి ఊరికి వాళ్లు.

గాలిలో తేలే బుడగలు అడిగితే బేరం ఇంకో మలుపు తిరిగేది. హీలియం మన దేశానికి బయటినుంచే రావాలి, కాబట్టి ఖరీదు. హైడ్రోజన్ నింపినవి చవకగా దొరుకుతాయి గానీ, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. కొవ్వొత్తులు వెలిగించే చోట అవి కట్టనంటే కట్టనన్నాను. కొన్ని పనులు పోయాయి, పోనీ అనుకున్నాను.

బారసాలలూ సీమంతాలూ వచ్చాక పూల పని మొదలైంది. కడియపులంక మార్కెట్ మా ఊరికి దగ్గరే, హైవే మీదే. తెల్లారకముందే రైతులు మోపెడ్ల మీద, ఆటోల్లో బస్తాలు దింపుతారు. బంతి, చామంతి, లిల్లీ కిలోల లెక్క. కనకాంబరాలైతే బారు లెక్క. గులాబీలు, జెర్బెరాలు బెంగళూరు వైపు నుంచి పెట్టెల్లో వస్తాయి. రేటు ఎక్కడా రాసి ఉండదు. ఆరింటికి చెప్పింది ఎనిమిదింటికి ఉండదు. శ్రావణ శుక్రవారం ముందు రోజైతే నిన్నటి ధర తలుచుకుని లాభం లేదు. "ఏవమ్మా, పుట్టినరోజులకి కూడా చామంతులేనా?" అని అక్కడి పెద్దాయనొకరు ఎగతాళి చేసేవారు. ఆయనే నాకో మాట చెప్పారు, పూల ధర ముందు ఒప్పుకోవద్దు, అలంకరణ కూలి ఒప్పుకో, పూలు ఆ రోజు మార్కెట్ రేటని రాయించుకో అని. ఇప్పటికీ నా ఎస్టిమేటులో ఆ వాక్యం ఉంటుంది.

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, అదీ కార్తీకమాసంలో. పెళ్లివారికి శుభలేఖ చూపిస్తే బ్యాంకులో రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చన్నారు. పుట్టినరోజుకి అలాంటి వెసులుబాటు లేదు. చెక్కు ఇస్తామని పుట్టినరోజులవాళ్లు, చెక్కు ఏం చేసుకోమంటారని పూలవాళ్లు. ఆ నెల కడియపులంకలో నాకు అరువు పుట్టబట్టి బండి నడిచింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక మాత్రం పుట్టినరోజులూ ఆగిపోయాయి. తర్వాత పెళ్లికి యాభై మందే అన్నప్పుడు పెద్ద మండపాలవాళ్లు చేతులు ముడుచుకు కూర్చుంటే, నా దగ్గరికి కొత్త రకం ఫోన్లు వచ్చాయి. "మేం నలుగురమేనండి, అయినా పాపకి చెయ్యాలండి." చేతి పంపు, బుడగలు, పేరు అక్షరాలు, దారం ఒక సంచిలో పెట్టి గుమ్మం దగ్గర వదిలి వచ్చేదాన్ని. వీడియో కాల్‌లో నేను చెబుతుంటే తండ్రులు కట్టేవారు. తోరణం వంకరగా వచ్చినా ఎవరూ బేరమాడలేదు.

ఇప్పుడు ఆషాఢంలో సప్లయర్స్ షాపు కుర్రాళ్లు నా దగ్గర పనిచేస్తారు, శ్రావణంలో నా దగ్గరి అమ్మాయిలు పెళ్లి పందిళ్లకి వెళతారు. ఇలా మనుషుల్ని అరువిచ్చుకోవడం ఎవరికీ బరువు కాదు.

కొత్తగా మొదలుపెడతామని వచ్చే అమ్మాయిలు ముందుగా అడిగేది పెట్టుబడి ఎంత కావాలని. ఒక పది పుట్టినరోజుల్లో, కేకు కోసేలోపు, మొహం మీద నవ్వు చెదరకుండా బ్యాలెన్సు వసూలు చేసి రండి, పెట్టుబడి సంగతి అప్పుడు మాట్లాడదాం అంటాను.